కొనొద్దని చెప్పాం సరే, ఎక్కడ కొనాలో కూడా చెప్పుకుందాం

సంపాదకులకు నమస్కారం.

ఏదైనా కంపెనీ తప్పు బయటపడగానే దాని సరుకు కొనొద్దని పిలుపు వస్తుంది. పనివాళ్లను పీడిస్తోందని తెలిసి నేనూ ఒక బట్టల కంపెనీని రెండేళ్లు దూరం పెట్టాను. ఆ రెండేళ్లూ ఎవరి దగ్గర కొన్నానంటే, కళ్లకు కనిపించిన ఇంకో కంపెనీ దగ్గర. అది తన పనివాళ్లను ఎలా చూస్తుందో కనుక్కోనేలేదు, అందుకు ఇప్పుడు నిజంగా బాధపడుతున్నాను.

బాయ్‌కాట్ వద్దని కాదు. 1880లో ఐర్లండ్‌లో కౌలు రైతులు భూస్వామి తరఫున కౌలు వసూలు చేసే చార్లెస్ బాయ్‌కాట్ అనే ఏజెంటును వెలివేస్తే ఆయన పేరే ఈ పద్ధతికి పేరైపోయింది, దాని దెబ్బ అలాంటిది. కానీ తప్పు చేసినవాడికి భయం పెట్టి వదిలేస్తే, నియమంగా నడిచేవాడికి మన వల్ల ఒరిగిందేమిటి?

1891లో న్యూయార్క్‌లో కన్స్యూమర్స్ లీగ్ అనే వినియోగదారుల సంఘం పెట్టుకున్న మహిళలు, నియమంగా నడిచేవాళ్లకు అండగా నిలిచే ఈ రెండో పని చేశారు. సేల్స్ అమ్మాయిలను సరిగా చూసుకునే షాపుల పేర్లతో వైట్ లిస్ట్ అచ్చువేసి, అక్కడ కొనండని చెప్పారు. ఒకే పనికి ఆడామగా ఒకే జీతం, అనుభవమున్న పెద్దవాళ్లకు వారానికి కనీసం 6 డాలర్లు, భోజనానికి ముప్పావు గంట, ఇలా షరతులు పెట్టారు. నన్ను కదిలించింది మాత్రం కుర్చీల షరతు. కుర్చీలు వేస్తే చాలదు, అమ్మాయిలను వాటిలో కూర్చోనివ్వాలి కూడా అని విడిగా రాశారు. రోజంతా నిలబడ్డ మనిషి కాళ్ల గురించి ఆలోచించినవాళ్లే అలా రాయగలరు. మొదటి లిస్టుకు తూగినవి 8 షాపులే, అయినా షరతులు సడలించకుండా ఆ ఎనిమిదితోనే మొదలుపెట్టారు.

మెచ్చుకుని ఊరుకుంటే మాత్రం లాభం లేదు. 1995 డిసెంబర్‌లో అమెరికాలో మాల్డెన్ మిల్స్ అనే బట్టల మిల్లు కాలిపోతే, యజమాని ఆరన్ ఫ్యూర్‌స్టీన్ పని ఆగిపోయినవాళ్లకు కూడా జీతాలిస్తూ మిల్లును అక్కడే మళ్లీ కట్టాడు. దేశమంతా పొగిడింది. 2001లో ఆ కంపెనీ అప్పుల భారంతో, అప్పులవాళ్లు మీద పడకుండా కోర్టులో దివాలా రక్షణ కోరాల్సి వచ్చింది. పొగడ్తలతో అప్పు తీరదు కదా, సరుకు అమ్ముడుపోవాలి.

ఇంకో మాట. మనం ఊరికే కొన్నా, మానేసినా కంపెనీకి కారణం తెలియదు, ఆఫర్ చూసి వచ్చారనో సీజన్ బాలేదనో అనుకుంటుంది. అందుకే ఇప్పుడు నేను కొన్నప్పుడల్లా "మీ పనివాళ్లకు మీరిస్తున్న జీతాలు చూసి కొన్నాను" అని కంపెనీకి రెండు ముక్కలు రాస్తున్నాను. అయితే కంపెనీ తన గురించి తాను చెప్పుకున్నది నమ్మను, బయటివాళ్లు వెళ్లి తనిఖీ చేసి రాసింది ఉంటేనే.

మామూలు మనిషికి ఇదంతా వెతికే తీరిక ఉండదు. మీ బిజినెస్ పేజీలో తప్పు చేసిన కంపెనీల వార్తలు ఎలాగూ వేస్తున్నారు. వారానికి ఒక్కసారైనా మీ విలేకరులు స్వయంగా వెళ్లి చూసొచ్చిన మంచి కంపెనీ ఒకదాని గురించి, జీతాలు, పని గంటలతో సహా రాయండి. ప్రకటనల విభాగాన్ని మాత్రం దాని దగ్గరికి రానివ్వకండి.

ఇట్లు,
మీ పాఠకురాలు