అద్దె బోటుకు దెబ్బ తగిలేది ఒడ్డు దగ్గరే

సంపాదక మహాశయులకు,

నమస్కారం. టెక్సాస్ సరస్సుల్లో అద్దె బోట్ల మీద మనవాళ్ల షికార్ల గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. ఎంతమంది ఎక్కవచ్చో, గంటకు అద్దె ఎంతో, ఏ వేళకు వెళితే ఎండ తక్కువో అన్నీ రాశారు గాని, తెచ్చుకున్న బోటును చెక్కుచెదరకుండా తిరిగి అప్పగించడం ఎలాగో ఒక్క వాక్యంలోనైనా చెప్పలేదు. ఆ లోటు నా అనుభవం మేరకు పూరించడానికే ఈ ఉత్తరం.

నేను కోనసీమవాణ్ణి. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి నరసాపురం వెళ్లి చదువుకున్నాను. అయినా పడవ నడపడం సరంగు పని, ఎక్కి కూర్చోవడం మన పని అనుకుంటూ పెరిగినవాళ్లం కదా! గత వేసవిలో ఆస్టిన్‌లో మా అబ్బాయి పాంటూన్ బోటు (పొడవాటి తేలు గొట్టాల మీద బల్లపరుపు వేదిక ఉండే బోటు) ఒకటి అద్దెకు తీసుకున్నప్పుడు, అక్కడివాళ్లు ఇరవై నిమిషాల పాటు వివరించి తాళంచెవి చేతిలో పెట్టారు. సరంగు ఎవరూ రాలేదు. లేక్ ట్రావిస్ నడిమధ్యలో తిరిగిన నాలుగు గంటలూ ఏ ఇబ్బందీ కలగలేదు. తిరిగి రేవు చేరుతున్నప్పుడు, ఇక పాతిక గజాలే ఉందనగా, గాలి ఒక పక్కకు తోసింది, అబ్బాయి కంగారుపడి థ్రాటిల్ పెంచాడు, రేవు చెక్కకు గుద్దుకుని ముందు రెయిలింగ్ వంగింది. ప్రొపెల్లర్ రెక్క అంచు కూడా విరిగిందని తరవాత చూపించారు. అదెక్కడ తగిలిందో మాలో ఒక్కరికీ తెలియదు. డిపాజిట్‌లో సగానికి పైగా పోయింది. తప్పు మాదే కనుక ఎవరి మీదా ఫిర్యాదు లేదు.

మొదటిసారి నడిపేవాళ్లు చేసే పొరపాటంతా బోటును కారులా భావించడంలో ఉంది. కారు ముందు చక్రాలతో తిరుగుతుంది, బ్రేకు నొక్కితే ఆగుతుంది. బోటును వెనకనున్న మోటారు తోస్తుంది కనుక స్టీరింగ్ ఎడమకు తిప్పితే వెనకభాగం కుడికి విసురుగా పోయి పక్కనున్న బోటును తాకుతుంది. పైగా గేరులో లేనప్పుడు స్టీరింగ్ ఎంత తిప్పినా పెద్దగా పనిచేయదు. బ్రేకు అసలే లేదు, ఆపాలంటే రివర్స్ వేయాలి, అదీ ముందు న్యూట్రల్‌లో ఒక్క క్షణం ఆగి. ముందుకు పోతున్నదాన్ని ఒక్కసారిగా వెనక్కి లాగితే గేర్లు పాడవుతాయి. అందువల్ల రేవు దూరంగా ఉండగానే వేగం తగ్గించి, గాలి ఎటు నుంచి వీస్తోందో జెండానో చెట్లనో చూసి గమనించి, వీలైతే గాలికి ఎదురుగా, ఏటవాలుగా వస్తూ, ఒక్క క్షణం గేరు వేయడం, మళ్లీ న్యూట్రల్‌లో పెట్టడం, ఇలా అడుగు అడుగుగా చేరాలి. పాంటూన్ బోటుకు నీడ కోసం వేసే పైకప్పు గుడ్డ గాలిని తెరచాపలా పట్టేస్తుందని మాకు ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. కుదరలేదనిపిస్తే వెనక్కి తీసుకుని మళ్లీ రావడంలో చిన్నతనం లేదు. ఫెండర్లు, అంటే రేవుకు రాసుకోకుండా బోటు పక్కన కట్టే మెత్తలు, ముందే వేలాడదీయాలి, తాడు పట్టుకునేది ఎవరో ముందే అనుకోవాలి; బోటు గుద్దుకోబోతుంటే చెయ్యో కాలో అడ్డం పెట్టే పని మాత్రం ఎవ్వరూ చేయకూడదు, రెయిలింగ్ వంగితే డబ్బుతో పోతుంది.

ఇక లోతు సంగతి. నేను నీటిపారుదల శాఖలో పనిచేసినవాణ్ణి కనుక లేక్ ట్రావిస్ నీటిమట్టం మీద నాకు కాస్త ఎక్కువే ఆసక్తి. మాన్స్‌ఫీల్డ్ డ్యామ్ వెనక కొలరాడో నది నీటితో ఏర్పడిన ఈ జలాశయానికి నిండు మట్టం సముద్రమట్టానికి 681 అడుగుల ఎత్తు. 1951 కరువులో 614 అడుగుల దాకా పడిపోయింది. నీరు తగ్గినప్పుడు డ్యామ్ దగ్గర తేలే దిబ్బలకు ‘సమ్‌టైమ్స్ ఐలాండ్స్’ (అప్పుడప్పుడు కనిపించే దీవులు) అనే పేరే పెట్టుకున్నారు. అంటే పోయిన ఏడాది హాయిగా తిరిగిన చోట ఈ ఏడాది రాయి రెండడుగుల లోతులో ఉండవచ్చు. డెప్త్ మీటరు బోటు కింద ఉన్న లోతే చూపిస్తుంది, ముందున్నది చూపించదు. నీటి మీద తేలే హెచ్చరిక గుర్తును బోయా అంటారు. తెల్ల బోయా మీద నారింజ రంగు డైమండ్ గుర్తు ఉంటే అక్కడ ప్రమాదం ఉన్నట్టు; వలయం ఉంటే వేగం వంటి వాటి మీద ఆంక్ష ఉన్నట్టు. ఒడ్డు దగ్గరికి వచ్చినప్పుడు మోటారును కొంత పైకి లేపాలి, కాని నీటిని లోపలికి తీసుకునే రంధ్రాలు నీళ్లలోనే ఉండాలి. మోటారు వెనక నుంచి సన్నటి నీటిధార పడుతూ ఉందో లేదో చూస్తూ ఉండాలి, అది ఆగితే ఇంజిన్ వేడెక్కుతున్నట్టే. లంగరు తాడు ఎప్పుడూ ముందువైపే కట్టాలి, ప్రొపెల్లర్‌కు చుట్టుకుంటే అంతటితో షికారు ముగుస్తుంది. నీళ్లలో ఈదేవాళ్లు ఉన్నంతసేపూ ఇంజిన్ ఆపి ఉంచాలన్నది మాత్రం బోటు కోసం చెబుతున్న మాట కాదు.

కాగితాల విషయంలో రెండు మాటలు. బయలుదేరే ముందు బోటు నాలుగు వైపులా, వీలైతే ప్రొపెల్లర్‌తో సహా, ఫోన్‌లో వీడియో తీసుకోవాలి; మేము తీసి ఉంటే ఆ రెక్క మా చేతిలోనే విరిగిందో లేదో తేలేది. కారు ఇన్సూరెన్సు గాని, క్రెడిట్ కార్డు మీద వచ్చే అద్దె కారు రక్షణ గాని బోటుకు సాధారణంగా వర్తించవు కనుక ఒప్పందంలో నష్టం ఎవరిదో సంతకానికి ముందే చదవాలి. టెక్సాస్‌లో 1993 సెప్టెంబరు 1న గాని ఆ తరవాత గాని పుట్టినవాళ్లు 15 హార్స్‌పవర్ దాటిన బోటు నడపాలంటే సాధారణంగా బోటింగ్ పరీక్ష సర్టిఫికెట్ కావాలి. ఇక్కడికి చదువుకోవడానికి వస్తున్న మన పిల్లలు దాదాపు అందరూ ఆ వయసువాళ్లే. 26 అడుగుల లోపు బోటులో, అది కదులుతున్నప్పుడు, 13 ఏళ్ల లోపు పిల్లలు లైఫ్ జాకెట్ తీయకూడదు.

మే నెలాఖరులో మెమోరియల్ డే సెలవులతో ఇక్కడ బోట్ల కాలం మొదలవుతుంది. అంతకు ముందే, రేవు దగ్గర బోటు నడిపే పద్ధతిని బొమ్మలతో సహా వివరించే వ్యాసం ఒకటి, ఎవరైనా అనుభవం ఉన్న సరంగు చేత చెప్పించి, అదే పేజీలో ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
విశ్రాంత నీటిపారుదల ఇంజినీరు,
ఆస్టిన్, టెక్సాస్