చీక్టవాగా నుంచి అమ్మకి

చీక్టవాగా,
న్యూయార్క్ రాష్ట్రం, అమెరికా,
2023 జనవరి 8, ఆదివారం

అమ్మకి, నాన్నగారికి, మామ్మకి నమస్కారాలు.

అమ్మా, డిసెంబరులో అంత మంచు తుపాను వచ్చినా మేము ముగ్గురం క్షేమంగా ఉన్నాం. ఫోన్లో ఎంత చెప్పినా నీకు నమ్మకం కుదరడం లేదని తమ్ముడు చెప్పాడు. ఫోన్లో నువ్వు ఏడుస్తావు, నీ ఏడుపు విని నేను సగం మాటలు మింగేస్తాను. అందుకే కూర్చుని రాస్తున్నాను. రాజ్యం పిన్ని కొడుకు రేపు బయల్దేరుతున్నాడు. ఈ ఉత్తరం, మామ్మ మోకాళ్లకి మందు, చిన్నాడి ఫొటోలు అతని చేతికి ఇస్తున్నాను. మామ్మకి గట్టిగా చదివి వినిపించు. ఆవిడ దగ్గర దాచాల్సింది ఇందులో ఏమీ లేదు.

చిన్నాడికి జలుబు తగ్గింది. నా ఆఫీసు పని మామూలే, ఇంటి నుంచే చేస్తున్నాను, దాని గురించి రాయడానికి ఏమీ లేదు.

టీవీలో చూశానన్నావే, గోడలూ కప్పూ కనపడకుండా మంచుగడ్డ కట్టేసిన భవనం, అది మా ఇల్లు కాదు. ఇక్కడే హాంబర్గ్ అనే ఊళ్లో సరస్సు ఒడ్డునే ఉన్న హోటలు. కెరటాల తుంపర పడింది పడ్డట్టు గడ్డకట్టి అలా అయింది. మాకు సరస్సు చాలా దూరం. మేమున్నది విమానాశ్రయం వైపు.

నాన్నగారూ, పక్కన అంత నీళ్లుంటే చలి తగ్గాలి గానీ మంచెందుకు ఎక్కువ పడుతుందని అడిగారు. మా ఆయన్ని అడిగి తెలుసుకుని రాస్తున్నాను. ఈరీ సరస్సు పొడవు 388 కిలోమీటర్లు. విజయవాడ నుంచి విశాఖపట్నం దాటేదాకా అంతా నీళ్లే అనుకోండి. ఆ నీళ్లకి తూర్పు కొసన బఫెలో నగరం ఉంది, మా చీక్టవాగా దాని పక్కనే. ఇక్కడి ఐదు పెద్ద సరస్సుల్లో లోతు తక్కువది ఇదే, సగటున 19 మీటర్లు. అందుకని వేసవిలో తొందరగా వేడెక్కుతుంది. నవంబరు, డిసెంబరుల్లో కెనడా వైపు నుంచి దిగిన చలిగాలి ఈ వెచ్చటి నీళ్ల మీదుగా పొడవునా వీస్తుంది, దారంతా ఆవిరి పీల్చుకుంటుంది. ఆ ఆవిరి మబ్బై, ఒడ్డు చేరేసరికి మంచుగా కుమ్మరిస్తుంది. గాలి దిక్కుని బట్టి ఒక సన్నటి పట్టీ మీదే పడుతుంది. మొన్న నవంబరులో దక్షిణాన ఆర్చర్డ్ పార్క్ అనే ఊళ్లో 80 అంగుళాలు పడితే, ఉత్తరాన ఉన్నవాళ్లకి అందులో చిన్న వంతే పడింది. అప్పుడు నేను 'మాకేం కాలేదు' అన్నది నిజం, మీ టెన్షన్ తగ్గించడానికి చెప్పింది కాదు. సరస్సు గడ్డకట్టేస్తే ఆవిరి ఉండదు, ఈ మంచూ ఆగుతుంది. అందుకని ఇక్కడివాళ్లు సరస్సు ఎప్పుడు గడ్డకడుతుందా అని ఎదురుచూస్తారు.

డిసెంబరులో వచ్చింది వట్టి సరస్సు మంచు కాదు. దేశంలో సగాన్ని వణికించిన పెద్ద తుపానుకి సరస్సు తోడైంది. వారం ముందు నుంచే హెచ్చరిస్తూనే ఉన్నారు. బియ్యం, పాలు, చిన్నాడి మందులు, కొవ్వొత్తులు అన్నీ తెచ్చిపెట్టుకున్నాం. బాత్‌టబ్బు నిండా నీళ్లు పట్టాను. గాలివాన అంటే మామ్మ ఇంట్లో గంగాళాలన్నీ ఎందుకు నింపించేదో నాకు చిన్నప్పుడు అర్థమయ్యేది కాదు.

23వ తేదీ శుక్రవారం తెల్లవారకముందే ఆయన డ్యూటీకి వెళ్లారు. అప్పటికి వాన పడుతోంది. చూస్తుండగానే గాలి మళ్లింది, వాన మంచయింది, తొమ్మిది దాటాక కిటికీలోంచి ఎదురిల్లు కనపడలేదు. తొమ్మిదిన్నర నుంచి బళ్లు తిప్పకూడదని ఉత్తర్వు వచ్చింది. కానీ అప్పటికే పనులకి వెళ్లాల్సినవాళ్లు వెళ్లిపోయారు. క్రిస్మస్ ముందు ఒక రోజు జీతం వదులుకోవడం అందరివల్లా అవుతుందా? విమానాశ్రయం దగ్గర ఆ తుపాను 37 గంటలు తెరిపి ఇవ్వలేదు. గాలి గంటకి 110 కిలోమీటర్లు దాటింది. అంతా అయ్యేసరికి అక్కడ కొలిచిన మంచు దాదాపు 52 అంగుళాలు, అంటే చిన్నాడి తల మునిగిపోయేంత.

అమ్మా, ఇప్పుడు నువ్వన్న మాట దగ్గరికి వస్తాను. 'పండగపూట పెళ్లాన్నీ పిల్లాణ్నీ చీకట్లో వదిలేసి ఆస్పత్రి పట్టుకుని వేలాడతాడా' అన్నావు. ఆ మాట నాకు చాలా బాధ కలిగించింది. ఆయన ఎదురుగా అనలేదు కాబట్టి సరిపోయింది. ఆయన రావడం ఇష్టం లేక ఆగిపోలేదు. ఆయన తర్వాత డ్యూటీకి రావాల్సిన మనిషి దారిలో ఇరుక్కుని, ఎవరింట్లోనో తలదాచుకున్నాడు. వార్డుల నిండా రోగులున్నారు, మందులిచ్చే విభాగంలో మిగిలింది ఇద్దరు. ఇన్సులిన్ కావాలి, రక్తం పల్చబడే మందు కావాలి, పసిపిల్లల డోసులు లెక్కగట్టి ఇవ్వాలి. నేలమీద దుప్పటి పరుచుకుని గంటా రెండు గంటలు పడుకుని లేచారట. చార్జింగు ఉన్నంతసేపూ నాకు మెసేజ్ పెడుతూనే ఉన్నారు. ఒకవేళ బయల్దేరి ఉంటే ఏమయ్యేదో నీకు తెలుసా? బళ్లలో బయల్దేరినవాళ్లే ఎక్కువ కష్టాలు పడ్డారు. మంచు తోసే స్నోప్లోలు కూరుకుపోయాయి, వాటిని లాగడానికి వెళ్లినవీ కూరుకుపోయాయి. ఫైరింజన్లు, అంబులెన్సులు కూడా రోడ్డు మధ్యలో ఆగిపోయాయి. ఆయన ఆస్పత్రిలో ఉన్నారు కాబట్టే ఇవాళ నా పక్కన ఉన్నారు. సోమవారం సాయంత్రం వచ్చారు, చివరి దూరమంతా నడిచే. చిన్నాడు చూసి కేకలు పెట్టాడు. ఈసారి ఫోన్ చేసినప్పుడు ఆయనతో నువ్వే ముందు మాట్లాడు. ఏమీ అనకు, 'అన్నం తిన్నావా బాబూ' అని అడుగు చాలు.

మేము చీకట్లో ఉన్న మాట నిజమే గానీ ఒంటరిగా లేము. శుక్రవారం రాత్రి కరెంటు పోయింది. ఇక్కడ ఇల్లు వెచ్చబెట్టేది గ్యాసే అయినా, ఆ వేడిగాలిని గదుల్లోకి తోసే ఫ్యాన్‌కి కరెంటు కావాలి. పొయ్యి మాత్రం అగ్గిపుల్లతో వెలుగుతుంది. కింద వాటా పెద్దావిడ, మా ఇంటి ఓనరు, మా వాటా కాస్త వెచ్చగా ఉంటుందని మేము పిలవగానే పైకి వచ్చేసింది. పొయ్యి వెలిగించి వంట చేసుకో, వెచ్చదనం కోసం మాత్రం వెలిగించి ఉంచకు, ఆ గాలికి నిద్రలోనే ప్రాణాలు పోతాయని గట్టిగా చెప్పింది. ముగ్గురం ఒకే గదిలో చేరి తలుపు సందుల్లో తువ్వాళ్లు కుక్కి, ఉన్న దుప్పట్లన్నీ కప్పుకుని పడుకున్నాం. చిన్నాడు మధ్యలో. నేను చారు పెట్టి, నువ్వు పంపిన ఊరమిరపకాయలు వేయించాను. ఆవిడ చారు రెండు గిన్నెలు తాగింది, మిరపకాయ జోలికి రాలేదు. తన ఫ్రీజర్లో ఉన్న పియెరోగీలు తెచ్చి ఉడకబెట్టింది. మన కజ్జికాయల ఆకారంలోనే ఉంటాయి, లోపల బంగాళాదుంప, చీజ్. వాళ్ల తాతలు పోలండ్ నుంచి వచ్చారు, ఈ చుట్టుపక్కల అలాంటివాళ్లు చాలామంది.

కరెంటు వచ్చాక కూడా ఆవిడ హీటరు వెయ్యనివ్వలేదు. ఆ వయసులో తనే పార తీసుకుని గోడ పక్కన పొగగొట్టం చుట్టూ మంచు తీసేదాకా ఊరుకోలేదు. అది మూసుకుపోతే పొగ ఇంట్లోకే వస్తుంది. నేను పార లాక్కుని మిగతాది తీశాను. కొంచెం కొంచెమే తియ్యి, మంచు ఎత్తుతూ ఎత్తుతూ గుండె ఆగి పోతారని పక్కన నిలబడి చెబుతూనే ఉంది.

ఆ రాత్రులు ఆవిడ చెప్పిందంతా 77 గురించే. మామ్మకి ఇది తప్పకుండా వినిపించు. 1977 జనవరి 28న ఇక్కడ వచ్చిన మంచు తుపాను గురించి ఈ ఊరివాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ ఏడు సరస్సు డిసెంబరు మధ్యకే గడ్డకట్టేసింది. ఇక మంచు ఉండదనుకున్నారు. కానీ గడ్డ మీద నెలన్నర నుంచి పేరుకుపోయిన పొడిమంచుని గాలి లేపి తీసుకొచ్చి ఊరి మీద పోసింది. 29 మంది పోయారు, కొందరు తమ కార్లలోనే. పెద్దావిడ అప్పుడు ఊరి మధ్యలో ఉద్యోగం చేసేది, వేలమందితో పాటు అక్కడే చిక్కుకుపోయి ఆఫీసులోనే బల్లల మీద పడుకుంది. తారీకు వినగానే నాకు ఒళ్లు జలదరించింది. అదే ఏడు నవంబరు 19న మన దివిసీమ ఉప్పెన. నాన్నగారు చెట్టెక్కి బతికారని, మన వైపు పదివేల మందికి పైగా పోయారని చెప్పాను. ఆవిడ చాలాసేపు నా చెయ్యి పట్టుకుని కూర్చుంది. మీ నాయనమ్మ ఎలా ఉన్నారని అడిగింది. ఆ రాత్రి గురించి మామ్మ మాతో ఒక్కసారి కూడా మాట్లాడలేదని చెప్పాను. చిన్నత్త గురించి చెప్పలేదు. మామ్మా, నీకు చెప్పాలనిపించినప్పుడే చెప్పు, లేకపోతే వద్దు. గాలి రేగిన ప్రతిసారీ నువ్వు పిల్లలందర్నీ లోపలికి పిలిచి తలలు లెక్కపెట్టేదానివి, ఆ రాత్రి నేను చిన్నాడి తల మీద చెయ్యి తీయలేదు.

ఒక్క విషయం మాత్రం ఇప్పటికీ నన్ను వదలడం లేదు. ఇక్కడ 40 మందికి పైగా చనిపోయారు. కొందరు బండిలో, కొందరు వీధిలో, కొందరు వేడి లేని ఇంట్లో. ఇక్కడి అత్యవసర నంబరు 911కి ఫోన్ చేసి, లైన్ కలిసి, ఎవరూ రాలేక ప్రాణం పోయినవాళ్లున్నారు. చనిపోయినవాళ్లలో చాలామంది బఫెలో నగరంలో తూర్పు వైపున్న నల్లజాతివాళ్లు. అక్కడివి పాత ఇళ్లు, చాలామందికి బండి లేదు, సరుకుల కొట్లు తక్కువ. మే నెలలో సూపర్‌మార్కెట్లో కాల్పులు జరిగి పదిమంది పోయింది కూడా ఆ వైపే. ఒకే ఏడాదిలో ఒకే మనుషులకి రెండుసార్లు. తుపాను అందరి మీదా ఒకేలా వచ్చింది గానీ, ఇంట్లో వారానికి సరుకులున్న నేను, రేపటికి పాలు లేనివాళ్లు ఒకేలా దాన్ని ఎదుర్కోలేదు. మన దగ్గరా గట్టు మీద మేడలున్నవాళ్లు మిగిలారు, లంకల్లో పాకలు పోయాయి. నాన్నగారే చెప్పేవారు.

మంచి చేసినవాళ్లూ ఉన్నారు. మా చీక్టవాగాలోనే ఒక కుర్రాడు, మెకానిక్, తన బండి ఆగిపోయాక ఒక బడి కిటికీ పగలగొట్టి, రోడ్డు మీద చిక్కుకున్న ఇరవై మందికి పైగా మనుషుల్ని లోపలికి చేర్చాడు. వెళ్లేటప్పుడు కిటికీ పగలగొట్టినందుకు క్షమించమని చీటీ రాసి పెట్టాడు. పోలీసులు కేసు పెట్టలేదు సరికదా, అతన్ని వెతికి థాంక్స్ చెప్పారు.

ఇప్పుడు వీధిలో చూస్తే నమ్మవు. కొత్త సంవత్సరానికి చలి తగ్గి చాలావరకు కరిగిపోయింది. కరగకముందే జేసీబీలతో ఎత్తి టిప్పర్లలో పోసి తీసుకెళ్లారు, తోసేస్తే పోయేంత మంచు కాదు అది. ఇవాళ ఊరంతా అమెరికన్ ఫుట్‌బాల్ గొడవలో ఉంది. పోయిన సోమవారం మా జట్టు కుర్రాడు హామ్లిన్ ఆట మధ్యలో గుండె ఆగి పడిపోయాడు, నువ్వూ చూసే ఉంటావు. బతికాడు, మాట్లాడుతున్నాడు. చిన్నాడు అతని నంబరు 3 పెద్దగా గీసి కిటికీకి అంటించాడు.

డల్లాస్‌లో అక్క వాళ్లున్నారు, అక్కడికి మారిపోండి అంటున్నావు. వద్దమ్మా. ఆయన పని ఇక్కడ ఉంది, చిన్నాడి బడి ఇక్కడ ఉంది. గెట్జ్‌విల్ గుడికి వెళితే పదిమంది మనవాళ్లు కనిపిస్తారు. కింద పెద్దావిడకి మేమున్నాం, మాకు ఆవిడ ఉంది. ఉప్పెన తర్వాత మామ్మ నాగాయలంక వదిలి మచిలీపట్నం వెళ్లిపోదాం అని ఎప్పుడైనా అందా? వచ్చే శీతాకాలానికి బ్యాటరీ హీటరొకటి, కారులో ఉంచడానికి దుప్పట్లు కొంటాం. అంతకు మించి చెయ్యాల్సింది లేదు. ఈ విషయం మీద ఇక నాతో వాదించొద్దు.

గోపాలం బాబాయి గట్టు తగాదా తేలిందా? నాన్నగారు మధ్యలో సంతకాలు పెట్టొద్దు. ఆయన బీపీ మాత్రలు పండక్కి అరిసెలు తిన్నా మానకూడదు. చిట్టి పెళ్లి ముహూర్తం తెలియగానే తమ్ముడి చేత మెసేజ్ పెట్టించు. మార్చి అయితే టికెట్లు చూస్తాను, ఫిబ్రవరి అయితే మా ఆయనకి సెలవు దొరకదు, నేనూ చిన్నాడూ వస్తాం. రాజ్యం పిన్ని కొడుకు తిరిగొచ్చేటప్పుడు ఊరమిరపకాయలు, కందిపొడి, పెద్దావిడకి ఒక కిలో కజ్జికాయలు ఇచ్చి పంపు. కొబ్బరి కోరు వేసినవి, కారం తగలనివి.

మీ
సుజాత