జన్యు పరీక్ష కాగితం తెలుగులోనూ ఉండాలి

సంపాదకుల వారికి,

మేముండేది బెంగళూరు మారతహళ్లిలో. పొగాకు ముట్టని మా అమ్మకు నిరుడు ఊపిరితిత్తుల క్యాన్సర్ అని తేలింది. ఈజీఎఫ్ఆర్ జన్యువులో కొన్ని మార్పులుంటే కీమోకు బదులు రోజూ మాత్ర వేసుకోవచ్చని డాక్టరు చెప్పారు. ఆ మార్పులున్నాయో లేదో చూసే జన్యు పరీక్షకు సంతకం చేయాల్సిన కాగితమేమో ఇంగ్లిష్‌లో, కన్నడలో ఉంది. మదనపల్లె నుంచి వచ్చిన అమ్మ, "ఏం రాసుందో తెలీకుండా వేలిముద్ర వెయ్యనమ్మా" అంది. తప్పు ఆమెది కాదు. తెలుగులో చెప్పే మనిషి దొరికేసరికి పది రోజులు గడిచాయి. ఆ టెన్షన్ పగవాళ్లకు కూడా వద్దు.

హ్యూస్టన్‌లో నర్సుగా ఉన్న మా చెల్లెలు, అక్కడి స్పానిష్ మాట్లాడే రోగులకూ భాషా, బీమా ఇలాగే అడ్డుపడుతున్నాయంటుంది. ప్రపంచ జన్యు అధ్యయనాల్లో అత్యధికులు యూరప్ మూలాలవారే. అందుకే లాటినోల (లాటిన్ అమెరికా మూలాలవారి) రిపోర్టుల్లో "అర్థం తేలని మార్పు", అంటే జబ్బుకు కారణమో కాదో చెప్పలేనిది, అని తెల్లవారికంటే ఎక్కువగా వస్తుంది. మన దేశంలో జీనోమ్ ఇండియా అనే ప్రభుత్వ ప్రాజెక్టు 10,000 మంది జన్యుక్రమాలను నమోదు చేయడం, దాన్ని ఈ ఊరి సంస్థే ముందుండి నడపడం నాకెంతో సంతోషం.

క్యాన్సర్ ఆసుపత్రులు ఆ ఒక్క కాగితాన్ని తెలుగు, తమిళం, ఉర్దూల్లోనూ అచ్చువేయించాలి. చదివి వివరించే మనిషిని కూర్చోబెట్టాలి. కర్ణాటక ఆరోగ్య శాఖ ఈ మేరకు ఆదేశించాలని వేడుకుంటున్నాను.

– ఒక పాఠకురాలు, బెంగళూరు