బల్లి పెట్టెకు లీటర్ల లెక్క పనికిరాదు

సంపాదకులకు,

మీ పెంపుడు జంతువుల శీర్షికలో బియర్డెడ్ డ్రాగన్ అనే బల్లికి రెండడుగుల గాజు తొట్టె చాలన్నారు. అది పిల్ల బల్లికి, అదీ కొన్ని నెలలకే సరిపోయే మాట. గుడ్డులోంచి వచ్చినప్పుడు సుమారు 10 సెంటీమీటర్లుండే ఈ బల్లి ఏడాది, ఏడాదిన్నరలో తోకతో కలిపి 45 నుంచి 60 సెంటీమీటర్లవుతుంది. పొడవులో తనంత ఉన్న తొట్టెలో అది తిరగడమే కష్టం.

చోటు చాలకపోవడం కన్నా పెద్ద చిక్కు వేడి. బల్లి ఎండకూ నీడకూ మధ్య తిరుగుతూ ఒంటి వేడిని సర్దుకుంటుంది. వేడి దీపం కింద ఎండ కాచుకునే రాయి పైభాగం 38–42 డిగ్రీల సెల్సియస్, అవతలి కొస 24–28 డిగ్రీలు ఉండాలి. రెండడుగుల్లో ఈ తేడా నిలవదు. రాయి 40కి చేరేసరికి చల్లగా ఉండాల్సిన మూల కూడా ముప్పై దాటుతుంది. దీపం కింద నోరు తెరిచి కూర్చుంటే కంగారు అక్కర్లేదు. నీడ మూలకు వెళ్లాక కూడా నోరు మూయకపోతే పెట్టె మొత్తం వేడెక్కిందన్నమాట. అది చూసి బల్బు వాటేజి తగ్గిస్తే రాయి చల్లబడి తిన్నది అరగదు. ఎటు సర్దినా తప్పే, ఎందుకంటే లోపం పొడవులో ఉంది.

అందుకే ఎదిగిన బల్లికి 120 సెం.మీ. పొడవు, 60 వెడల్పు, 60 ఎత్తు కనీసం అనుకోవాలి. అంతకు మించితే మరీ మంచిది. లీటర్లు చూసి కొనకండి: 60×45×56 సెం.మీ. తొట్టె, 90×45×37 తొట్టె రెండూ దాదాపు 150 లీటర్లే. బల్లి ఎక్కువగా తిరిగేది నేల మీద కాబట్టి మొదటిదాని ఎత్తులో చాలా భాగం దానికి దండగ. చిరుతపులి మచ్చల గెకో అనే చిన్న బల్లికి 90×45×45 చాలు. రాయి 50 డిగ్రీలు దాటాల్సిన యూరోమాస్టిక్స్ అనే ఎడారి బల్లికి మాత్రం పొడవులో రాజీ పనికిరాదు.

ఎత్తు కొలిచేటప్పుడు అడుగున పరిచే మట్టి మందం తీసేయండి. ఎముకల గట్టిదనానికి కావాల్సిన అతినీలలోహిత కిరణాలిచ్చే యూవీబీ ట్యూబు పెట్టె పొడవులో కనీసం సగం ఉండాలి, వేడి దీపం ఉన్న వైపే ఉండాలి. పైకప్పు జాలీ అయితే మూడో వంతో, అంతకన్నా ఎక్కువో కిరణాలు అక్కడే ఆగిపోవచ్చు. ట్యూబును జాలీ లోపల బిగించడమో, రాయిని కాస్త ఎత్తు చేయడమో చేయాలి. గాజు పైకప్పయితే యూవీబీ దాదాపు దిగదు. యూవీబీ, కాల్షియం చాలకపోతే ఎముకలు మెత్తబడి దవడ, కాళ్లు వంకరపోతాయి.

పెద్ద పెట్టెలో పిల్ల బెదురుతుందంటారు. బెదిరేది ఖాళీని చూసి. రెండు మూడు దాగుడు చోట్లు, కొమ్మలు పెట్టి, మేత ఒకే చోట వేస్తే పెద్ద పెట్టెలోనూ బాగా తింటుంది. అలా చేస్తే రెండుసార్లు పెట్టె కొనే ఖర్చూ తప్పుతుంది.

పెట్టె పెద్దదే కదా అని రెండో బల్లిని వేయకండి. ఎండ కాచుకునే రాయి ఒక్కటే కాబట్టి బలమైనది దాన్ని ఆక్రమిస్తుంది, రెండోది చలిమూలలో చిక్కిపోతుంది. తోక చివర్లు, కాలివేళ్లు కొరికేసుకోవడమూ మామూలే.

బల్లిని తెచ్చే ముందు రెండు రోజులు దీపాలు వెలిగించి చూడండి. రాయిని ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో, చల్లని కొసను తీగ ఉన్న డిజిటల్ థర్మామీటర్‌తో కొలవాలి. గాజుకు అతికించే గుండ్రటి మీటరు గోడ వేడిని చెబుతుంది, రాయిది కాదు.

– సరీసృపాల పెంపకందారులు