నాన్న టీ3 రిపోర్టు

అక్కా,

నువ్వు పంపిన రిపోర్టు ఫొటో డ్యూటీ దిగాక చూశాను. టీ3 (ఒంట్లో పనిచేసే థైరాయిడ్ హార్మోను) తగ్గిందని ఎర్ర పెన్నుతో రెండుసార్లు సున్నా చుట్టావు. "న్యుమోనియా చాలదా, ఇప్పుడు థైరాయిడ్ కూడానా" అన్నావు. ఫోన్లో అయితే ఇద్దరం ఏడుస్తాం, అందుకే రాస్తున్నాను.

నాన్న థైరాయిడ్ చెడిపోయిందని నేననుకోవడం లేదు. ఆ గ్రంథి ఎక్కువగా తయారుచేసేది టీ4 అనే హార్మోను. అందులోంచి ఒక అయోడిన్ తీసేసి టీ3గా మార్చేది లివరు లాంటి అవయవాలు. ఒంటికి పెద్ద జబ్బు చేస్తే ఆ మార్పిడి మందగిస్తుంది. కొంత టీ4 రివర్స్ టీ3గా మారిపోతుంది, దానివల్ల ఉపయోగం లేదు. కొన్ని గంటల్లోనే టీ3 దిగడం మొదలవుతుంది. తిండి లేకపోయినా తగ్గుతుంది, నాన్న సరిగ్గా తిని ఎన్ని రోజులైందో నీకే తెలుసు. మా ఐసీయూలో టీ3 తగ్గని పేషెంట్లే తక్కువ.

నువ్వు సున్నా చుట్టని గడి చూడు: టీఎస్‌హెచ్ 1.1, మామూలుగానే ఉంది. థైరాయిడ్‌ని పనిచేయించడానికి మెదడు కింది పిట్యూటరీ గ్రంథి పంపే హార్మోను అది. గ్రంథే పడకేస్తే అది బాగా పెరగాలి. కాకపోతే స్టెరాయిడ్లు, బీపీ నిలబెట్టడానికి ఎక్కించే డోపమిన్ కూడా దాన్ని తగ్గిస్తాయి, అవి ఇస్తున్నారేమో అడుగు. థైరాయిడ్ నిజంగా బాగా తగ్గినవాళ్ళలా ఒళ్ళు చల్లబడి, నాడి నెమ్మదించి, మత్తుగా ఉంటే నేనూ భయపడేవాణ్ణి. నాన్నకి జ్వరం, నాడి 110.

థైరాయిడ్ మాత్ర ఎందుకివ్వరని బావ కోప్పడ్డాడట. చేరిన కొత్తలో నేనూ ఇలాగే మా సీనియర్‌తో వాదించాను. "అసలు ఆ టెస్టు ఎవరు పంపమన్నారు?" అన్నాడాయన. అనుమానం లేకుండా ఐసీయూలో ఆ టెస్టు చేయకూడదని అప్పుడు తెలిసింది. 1986లో వచ్చిన ఒక అధ్యయనంలో ఇలాంటి రోగులకి టీ4 ఎక్కించి చూశారు. రక్తంలో అంకె పెరిగింది, బతికేవాళ్ళ సంఖ్య పెరగలేదు.

ఒకటి దాచను. జబ్బు ముదిరితే టీ4 కూడా పడిపోతుంది, అది మంచి సూచన కాదు. నాన్నది ఇంకా హద్దులోనే ఉంది. కోలుకునేటప్పుడు టీఎస్‌హెచ్ కొన్నాళ్ళు పైకెక్కుతుంది, ఒక్కోసారి 20 దాకా. అప్పుడు మళ్ళీ ఎర్ర పెన్ను తీయకు. ఇంటికొచ్చాక కనీసం ఆరు వారాలాగి చేయిద్దాం.

రేపు ఆక్సిజన్ ఎంత పెడుతున్నారో, మూత్రం ఎంత వచ్చిందో అడిగి రాయి. టీ3 వద్దు.

నీ తమ్ముడు