ఫ్లాట్‌లో కోతిని పెంచుకోవచ్చని రాసేముందు

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో మార్మోసెట్ కోతుల మీద వచ్చిన కథనం చదివాను. చొక్కా జేబులోంచి తొంగిచూస్తున్న కోతి ఫొటో ముద్దుగానే ఉంది. ఫ్లాట్లలో ఉండేవాళ్ళకీ, ఉద్యోగస్తులకీ కూడా ఇది అనువైన పెంపుడు జంతువని రాసిన వాక్యం దగ్గరికొచ్చేసరికి మాత్రం మావారు పేపరు పక్కన పెట్టి ఒకటే నవ్వు. విదేశంలో ఉద్యోగం చేస్తూ, ఇంట్లో ఒక కోతితో ఏళ్ళ తరబడి వేగినవాళ్ళం మేము. అందుకే ఈ ఉత్తరం కాస్త పెద్దదైనా భరించండి.

2008లో నేను ఇథియోపియాలోని హవాసాకి, అక్కడి యూనివర్సిటీలో కెమిస్ట్రీ చెప్పడానికి వెళ్ళాను. అప్పట్లో ఆ దేశం వరసగా కొత్త యూనివర్సిటీలు తెరుస్తోంది. పాఠాలు చెప్పేవాళ్ళు చాలక మన దేశం నుంచి చాలామందిని తీసుకున్నారు. మన ఆంధ్రా యూనివర్సిటీలో చదివినవాళ్ళు అక్కడ కూడా తగులుతుండేవారు. మావారు పోర్టు ఉద్యోగానికి స్వచ్ఛంద విరమణ తీసుకుని నాతో వచ్చేశారు. సంపాదన నాది, వంట ఆయనది అనుకున్నాం. దాంతో కోతి బాధ కూడా ఎక్కువగా ఆయన వంతుకే వచ్చింది.

హవాసా, అడిస్ అబాబాకి దక్షిణంగా సుమారు 275 కిలోమీటర్ల దూరంలో సరస్సు ఒడ్డున ఉంటుంది. గట్టు పొడవునా మేడి జాతి చెట్లు, తుమ్మ చెట్లు, వాటి నిండా కోతులు. మన సింహాచలం మెట్ల దగ్గర కనిపించే ఎర్రమూతి కోతులు కావవి. నల్లటి మొహం, చెంపలకి తెల్లటి బొచ్చు, పచ్చదనం కలిసిన బూడిదరంగు ఒళ్ళు, పొడుగు తోక. గ్రివెట్ అంటారు.

మేం అద్దెకి దిగిన ఇంటి ఆవరణలో అవకాడో చెట్టు ఉంది, దానికి కట్టేసిన ఒక కోతిపిల్ల కూడా ఉంది. అంతకుముందు అద్దెకున్నవాళ్ళు రోడ్డు పక్కన ఎవరి దగ్గరో కొని, ఖాళీ చేస్తూ దాన్ని అక్కడే వదిలేశారట. వాచ్‌మన్ తను తినగా మిగిలిన ఇంజెరా (అక్కడివాళ్ళు రోజూ తినే పుల్లటి అట్టు) ముక్కలు వేస్తుండేవాడు. నడుముకి కట్టిన తాడు ఒరుసుకుని చుట్టూ పుండు పడింది. కోతి పుండు బ్రహ్మరాక్షసి అని మా అమ్మమ్మ అంటే ఊరికే సామెత అనుకునేదాన్ని. మందు రాసి చెయ్యి తీసేలోపు గోళ్ళతో గీకేసేది. చివరికి మావారు పాత లుంగీ చింపి కట్టు కట్టి, పైన చిన్న బనీను తొడిగి, పుండు మానేదాకా దాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకున్నారు. ఆ తర్వాత అది ఆయన్ని వదిలితే ఒట్టు. తాడు మళ్ళీ కట్టలేదు. కిట్టయ్య అని పేరు పెట్టారు.

ఇక వాడి అల్లరి. గేటు గడియ, ఫ్రిజ్ తలుపు, వంటింటి కుళాయి, నా హ్యాండ్‌బ్యాగ్ జిప్పు అన్నీ తీసేవాడు. మూసే అలవాటు మాత్రం లేదు. ఈ జాతి కోతులకి బుగ్గల్లో సంచులుంటాయి. ఒకసారి నా చెవిదుద్దు కనబడక పరుపులు తిరగేసి వెతుకుతుంటే, సాయంత్రం వాడి బుగ్గలోంచి అరటిపండు గుజ్జుతో పాటు బయటికొచ్చింది.

వైజాగ్ నుంచి పట్టుకెళ్ళిన సగ్గుబియ్యంతో మావారు పెరట్లో మంచం మీద వడియాలు పెట్టారు. పక్కనే చల్ల మిరపకాయలు ఆరబోశారు. కిట్టయ్య గోడ మీద బుద్ధిగా కూర్చుని చూశాడు. మధ్యాహ్నానికి చూస్తే వడియాలన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. దగ్గరికెళ్తే ప్రతి వడియానికీ ఒక గాటు. కొరికి, రుచి చూసి, తిరిగి యథాస్థానంలో పెట్టేశాడన్నమాట. మిరపకాయల జోలికి మాత్రం పోలేదు. కోతులకి కారం పడదని మావారికి అప్పుడు వెలిగింది. మర్నాటి నుంచి వడియాల చుట్టూ మిరపకాయల కంచె పెట్టారు. కిట్టయ్య దాన్ని దూకేశాడు. ఆవకాయ సీసాలో వేలు పెట్టి నాకిన రోజు ఇల్లు ఎగిరిపోయేలా అరిచి, నాలుకని కర్టెన్‌కి తుడుచుకున్నాడు. తర్వాత ఆ సీసా మీద పగబట్టి, అదను చూసి అల్మరాలోంచి కింద పడేశాడు. మా అత్తగారు ఊళ్ళో పట్టి పంపిన కొత్తావకాయ అది. ఆ ఏడాదికి మళ్ళీ లేదు.

పరీక్షల రోజులు ఇంకో రకం టెన్షన్. నేను పేపర్లు దిద్దుతుంటే ఎర్ర పెన్ను లాక్కుని చెట్టెక్కేవాడు. ఒకసారి ఏకంగా ఒక కట్టే పట్టుకుపోయాడు. అరటిపండు చూపిస్తే పేపర్లు కిందికి విసిరాడు. అంతే, దొంగతనానికి ఖరీదు ఉంటుందని తెలిసిపోయింది. పెన్నుకి అరటిపండు చాలు. కళ్ళజోడైతే వేయించిన బార్లీ గింజలు కావాలి, వాటిని అక్కడ కోలో అంటారు. గింజలు తక్కువైతే కళ్ళజోడు కాడ ఒకటి వంచి చూపించేవాడు, అబద్ధం కాదు. బాలిలో ఉలువాటు గుడి దగ్గరి కోతులు కూడా మనుషులకి ఏది ఎక్కువ అవసరమో కనిపెట్టి, దాన్ని బట్టి బేరం చేస్తాయని 2021లో పరిశోధకులు రాశారు. ఆ వార్త చూపిస్తే మావారు, "అది తెలుసుకోడానికి బాలి దాకా ఎందుకు వెళ్ళారు పాపం, మనింటికి రావలసింది" అన్నారు.

ఇంకో ఇబ్బంది ఉండేది. ఇథియోపియాలో పగలు లెక్క సూర్యోదయంతో మొదలు. మన ఉదయం ఏడు గంటలు వాళ్ళకి ఒంటిగంట. మావారు ఊళ్ళో లేని రోజున వాచ్‌మన్ ఫిర్యాదు చేస్తూ, మూడింటికి కోతి కిటికీ తీసిందని చెప్పాడు. మూడింటికి నేను ఇంట్లోనే ఉన్నాను కదా, అబద్ధాలాడుతున్నాడేమిటి అని కోప్పడ్డాను. అతను చెప్పింది మన తొమ్మిది గంటల సంగతి.

మంచి కూడా రాయాలి. ఒక మధ్యాహ్నం వాడు వెనక్కాళ్ళ మీద నిలబడి, గడ్డిలోకి చూస్తూ కీచుగా, ఆగకుండా అరవడం మొదలెట్టాడు. నేను చెట్టు వైపు చూస్తున్నాను, వాడేమో నేల వైపు. మా ఇంట్లో పనిచేసే అమ్మాయి పరుగెత్తుకొచ్చి నన్ను లోపలికి లాగింది. గడ్డిలో పాము. బయాలజీ విభాగంలో సహోద్యోగి తర్వాత చెప్పారు: ఈ జాతికి దగ్గరి చుట్టాలైన వెర్వెట్ కోతుల మీద కెన్యాలోని అంబోసెలిలో చేసిన పరిశోధన 1980లో అచ్చయిందట. అవి ఒకదాన్నొకటి హెచ్చరించుకునే అరుపులు రికార్డు చేసి వాటికే వినిపించారు. చిరుతపులి వచ్చిందనే అరుపు వింటే చెట్టెక్కాయి, గద్ద వచ్చిందనే అరుపు వింటే పైకి చూశాయి, పాము ఉందనే అరుపు వింటే నిలబడి నేల వెతికాయి. మనుషుల దగ్గర పెరిగిన కిట్టయ్యకి ఆ అరుపు ఎలా వచ్చిందో గానీ, ఆ సాయంత్రం కోలో గింజలు బేరం లేకుండానే దొరికాయి.

మీ కథనంలో ఇలాంటివే రాశారు, చదవడానికి సరదాగానే ఉంటాయి. పొద్దున్న ఎనిమిదింటికి నేను డ్యూటీకి, మావారు బజారుకి బయల్దేరినప్పుడు గేటు పట్టుకుని వాడు చేసే గోల గురించి ఎవరూ రాయరు. ఈ కోతులు గుంపులో పుట్టి గుంపులో బతుకుతాయి. రోజులో చాలాసేపు ఒకదాని ఒళ్ళు ఒకటి గోకుతూ గడుపుతాయి. వాడికున్న గుంపల్లా మావారి తల. ఆ బట్టతల మీద గంటలకొద్దీ ఏం ఏరేవాడో వాడికే తెలియాలి. నివాస పర్మిట్ పని మీద ఇద్దరం అడిస్ అబాబా వెళ్ళినప్పుడల్లా వాడు తిండి మానేసేవాడు, ముంజేతి మీద బొచ్చు పీక్కునేవాడు. వైజాగ్‌లో మా అత్తగారికి ఆపరేషన్ అయినప్పుడు మావారు ఒక్కరే వచ్చారు, నేను కోతి కోసం ఆగిపోయాను. ఈ మాట చుట్టాలకి చెప్పుకోలేక, సెలవు దొరకలేదని చెప్పాం.

నాలుగేళ్ళ వయసు దాటాక వాడు మారాడు. కోరలు వచ్చాయి. కనుబొమలు పైకెత్తి, తెల్లటి రెప్పలు చూపించి నన్ను బెదిరించేవాడు. ఇంట్లో పెద్ద ఎవరో తేల్చుకునే వయసు అది, ఎంత ముద్దుగా పెంచినా ఆగేది కాదు. ఒక ఆదివారం భోజనానికి వచ్చినవాళ్ళ పిల్లవాడు కోలో గిన్నెలో చెయ్యి పెట్టబోయాడు. కిట్టయ్య దూకాడు, మావారు చెయ్యి అడ్డం పెట్టారు. బొటనవేలి మొదట్లో కోర ఎముక దాకా దిగింది. సబ్బుతో పావుగంట కడిగి ఆస్పత్రికి పరుగెత్తాం. రేబిస్‌కి గొర్రె మెదడుతో తయారుచేసే పాతకాలపు టీకా అక్కడ ఇంకా వాడుకలో ఉండేది. మన దేశంలో దాని తయారీ 2004 చివరికే ఆపేశారు. కొత్తరకం టీకా కోసం మావారు అడిస్ అబాబా వెళ్ళవలసి వచ్చింది. కరిచిన రోజు మొదలుకొని 3, 7, 14, 28 రోజులకి వేసే డోసులు కదా, కట్టుకట్టిన చేత్తో బస్సులో అంత దూరం తిరిగారు. మన ఊళ్ళో అయితే ప్రభుత్వాసుపత్రిలో ఉచితంగా వేస్తారు. మన ఎర్రమూతి కోతుల్లో హెర్పిస్ బి అనే వైరస్ కూడా ఉండే అవకాశం ఉంది. మనిషికి సోకడం అరుదే గాని సోకితే ప్రాణాంతకం. ఇక్కడ కోతి కరిస్తే ఆ సంగతి కూడా డాక్టరుకి గుర్తుచేయాలి.

2013లో కాంట్రాక్టు అయిపోయింది. ఇక్కడి స్నేహితులు, వాడిని కూడా తెచ్చెయ్యండి అన్నారు, అదేదో ఇత్తడి బిందె అయినట్టు. కోతి జాతులన్నీ, అడవి జంతువుల, మొక్కల వ్యాపారాన్ని అదుపుచేసే సైటిస్ అంతర్జాతీయ ఒప్పందం కిందికి వస్తాయి. ఆ దేశం ఎగుమతికీ, మన దేశం దిగుమతికీ అనుమతులు ఇవ్వాలి, క్వారంటైన్ ఉంటుంది. ఇంట్లో పెంచుకున్న కోతికి అవేవీ ఇవ్వరు. పోనీ సరస్సు ఒడ్డున గుంపులో వదుల్దామా అంటే, కొత్తగా వచ్చిన మగకోతిని అవి చీల్చి పెడతాయి. అడవిలో పుట్టిన మగది వయసొచ్చాక తనంతట తానే ఇంకో గుంపులోకి వెళ్తుంది, ఎలా తగ్గాలో ఎలా ఎగబడాలో తెలిసి వెళ్తుంది. వీడికి తెలిసింది ఫ్రిజ్ తలుపు తీయడం. అవకాడో చెట్టు లోపలికొచ్చేలా మావారు వలకంచెతో పెద్ద బోను కట్టించి, వాచ్‌మన్‌కి అప్పజెప్పారు. కొన్నాళ్ళు డబ్బు పంపాం. ఆ ఇల్లు చేతులు మారాక కబురు ఆగిపోయింది.

అది మా సంగతి, గ్రివెట్ సంగతి. మీరు రాసిన మార్మోసెట్ మూడొందల గ్రాములుంటుంది కాబట్టి దానికి ఈ గొడవలు ఉండవనుకోకండి. బ్రెజిల్ అడవుల్లో అవి కుటుంబంగా ఉంటాయి. సాధారణంగా కవలలు పుడతారు, తండ్రి, పెద్ద పిల్లలు కూడా వంతులేసుకుని మోస్తారు. చెట్టు బెరడు పళ్ళతో గీరి జిగురు తింటాయి. తిండిలో విటమిన్ డి3 చాలకపోతే, ఎండ తగలకపోతే ఎముకలు మెత్తబడి వంకర్లు తిరుగుతాయి. ఒంటి మీద వాసన గ్రంథులుంటాయి, సోఫాకి రాయకుండా ఉండవు. సరైన పోషణలో పదేళ్ళు దాటి బతుకుతాయి. ఐటీ ఉద్యోగం చేస్తూ రుషికొండ నుంచి ఏ హైదరాబాదుకో, ఏ డల్లాస్‌కో బదిలీ అయ్యే కుర్రాళ్ళు ఆ పదేళ్ళు ఎక్కడ తెస్తారు? బ్యాంకాక్ విమానాల్లో సామాన్ల మధ్య కుక్కి తెచ్చిన మార్మోసెట్ పిల్లలని చెన్నై కస్టమ్స్ వాళ్ళు పట్టుకున్న వార్తలు మీ పేపర్లలోనే వచ్చాయి.

చట్టం సంగతి కూడా ఆ కథనంలో ఒక్క ముక్క లేదు. వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. సైటిస్ జాబితాలోని విదేశీ జంతువు ఎవరి దగ్గరున్నా ప్రభుత్వానికి తెలిపి రిజిస్టర్ చేయించాలి. పిల్లలు పుట్టినా, చేతులు మారినా, చచ్చిపోయినా తెలియజేయాలి. దీనికి 2024లో నియమాలు వచ్చాయి, కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో దరఖాస్తు చేసుకోవాలి. మీరు మాత్రం అమ్మేవాళ్ళ ఫోన్ నంబరు వేశారు.

ఆన్‌లైన్ ప్రతిలోనైనా ఆ నంబరు తీసేయండి. వచ్చే ఆదివారం అదే పేజీలో, అంతే చోటిచ్చి, మన విశాఖ ఎండాడ జూలోని పశువైద్యుల చేత రాయించండి. కోతికి రోజూ ఏం పెట్టాలో, దాని దగ్గర ఎంతమంది ఎంతసేపు ఉండాలో మీ విలేఖరి కన్నా, నా కన్నా వాళ్ళు బాగా చెప్పగలరు.

ఇట్లు,
ఒక విశ్రాంత కెమిస్ట్రీ లెక్చరర్,
ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం