చిట్టికి, పర్లాకిమిడి నుంచి

ఏమే చిట్టీ,

నీ మెసేజ్ రాత్రి పదకొండింటికి చూశాను. మూడు ఆదివారాలు చర్చికి వెళ్లలేదు, ఏమయిందని ఒక్కరు అడగలేదు అన్నావు. అప్పుడే రెండు ముక్కలు రాసి పడుకుందామనుకున్నా గానీ మనసొప్పలేదు. పొద్దున్న అత్తయ్యకి టిఫిన్ పెట్టి, బియ్యం కడిగి పెట్టుకుని కూర్చున్నాను. పెద్ద ఉత్తరమే అవుతుంది, తీరిగ్గా చదువుకో.

నీ బాధ చాదస్తం కాదే. విశాఖలో అంత పెద్ద చర్చి, రెండు సర్వీసులు, తెర మీద పాటలు, వాక్యం కూడా బాగా చెప్తారని నువ్వే రాశావు. నిజమే అయ్యుంటుంది. కానీ ఒక మనిషి కూర్చునే చోటు ఖాళీగా ఉంటే అది ఎవరో ఒకరి కళ్లలో పడాలి. సంఘం అన్నది నాకు అక్కడే మొదలవుతుంది, పాటలూ ప్రసంగాలూ ఆ తర్వాతే. ఇది నా మీదికి వచ్చాకే నాకు తెలిసింది, నీకు ఎప్పుడూ చెప్పలేదు.

బరంపురంలో నాకు ఆపరేషన్ అయిందా, ఇంటికొచ్చి నెల్లాళ్లు మంచం దిగలేదు. మొదటి మూడు ఆదివారాలు సంఘం నుంచి ఒక్క మనిషి రాలేదు. స్త్రీల సమాజంవాళ్లు పాస్టరమ్మగారు వెళ్లుంటారనుకున్నారట, అమ్మగారేమో సమాజంవాళ్లు చూసుకుంటున్నారనుకున్నారట, సంఘం పెద్దలు డీకన్లకి అసలు కబురే అందలేదు. ఎవరికీ నామీద కోపం లేదు, ఎవరికీ నేను గుర్తూ లేను. పక్కవీధి ఒరియా ఆవిడ, మన సంఘం కూడా కాదు, రోజూ సాయంత్రం వచ్చి అత్తయ్యకి నాలుగు రొట్టెలు కాల్చి పెట్టి వెళ్లేది. లేచాక స్త్రీల కూడికలో సాక్ష్యం చెప్పమంటే నిలబడి ఇదంతా చెప్పేశాను. ఏడుపు కూడా వచ్చేసింది. అందరూ తలలు వంచుకున్నారు. అప్పుడు మన వెనక బెంచీ మామ్మ, మనకి సండేస్కూల్లో మరమరాల ఉండలు పెట్టేది, గుర్తుందా, ఆవిడ లేచి, "తప్పు మాదేనమ్మా, ఇంకోసారి ఎవరికీ ఇలా జరక్కూడదు, ఏం చేద్దామో చెప్పు" అంది. ఎనభై ఏళ్ల మనిషి. ఆ ఒక్క మాటతో నాకున్న కష్టమంతా దిగిపోయింది.

అప్పుడు మొదలెట్టిందే నోట్‌బుక్. స్కూలు పిల్లల గీతల పుస్తకం, అంతకంటే ఏం లేదు. వీధులవారీగా ఇళ్ల పేర్లు రాసి ఉంటాయి. ఆదివారం ఆరాధన అయ్యాక మేం నలుగురం తలుపు దగ్గరే నిలబడి ఎవరు రాలేదో చుక్క పెట్టుకుంటాం. సోమవారం సాయంత్రం ఎవరి వీధికి వాళ్లు వెళ్తాం. ఒకటే కట్టుబాటు, "ఎందుకు రాలేదు" అని అడగకూడదు, "ఎలా ఉన్నారు" అని అడగాలి. మొదట్లో నాకూ ఇంత పట్టింపెందుకనిపించింది గానీ, "ఎందుకు రాలేదు" అన్న చోట జనం సాకులు చెప్తారు, "ఎలా ఉన్నారు" అన్న చోట కూర్చోమని కుర్చీ వేస్తారు, నేనే కళ్లారా చూశాను. సూరత్ మిల్లులో పని పోయి వచ్చేసిన కుర్రాడు ఒకడు రెండు నెలలు మొహం చాటేశాడు. కానుక వెయ్యడానికి చేతిలో డబ్బుల్లేక సిగ్గుపడి రాలేదట! చిట్టీ, ఆ మాట విన్న రోజు నాకు అన్నం సయించలేదు. కానుక సంచీ చేతిలో పెట్టి మనమేగా వాణ్ణి ఇంట్లో కూర్చోబెట్టింది. ఇప్పుడు సంచీ వరసల్లో తిప్పడం లేదు. తలుపు దగ్గర పెట్టె ఉంటుంది, వేసేవాళ్లు వేస్తారు.

పిడికెడు బియ్యం ఇంకా ఉందా అని అడిగావు. ఎందుకుండదు! ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి డబ్బాలో వెయ్యడం మీ అమ్మే కదా నాకు నేర్పింది. మీ పిన్నిల ఇళ్లల్లో కూడా పొయ్యి పక్కన ఆ డబ్బా ఇప్పటికీ ఉంది. నెల మొదటి ఆదివారం, ప్రభురాత్రి భోజనం నాడు, అందరూ గుడ్డ సంచుల్లో తెస్తారు. ఇదివరకు అంతా ఒకే డ్రమ్ములో పోసేవాళ్లం. ఉప్పుడు బియ్యం, పచ్చి బియ్యం, కంట్రోలు బియ్యం అన్నీ కలిసిపోయి, వండితే సగం మెత్తగా సగం పలుకుగా ఉండేది. తినేవాళ్లు పాపం మాట అనేవాళ్లు కాదు. పెట్టేదేదో మన ఇంట్లో తినేలాగే పెట్టాలి కదా అని రెండు డ్రమ్ములు చేశాం.

ఆ బియ్యం ఎక్కడికి వెళ్తుందంటే, పెద్దాసుపత్రికి. కొండల మీద నుంచి సవరవాళ్లు, ఆ గిరిజనులు, రోగిని తీసుకుని దిగుతారు, రోగికి తిండి దొరుకుతుంది, కూడా వచ్చినవాళ్లకి దొరకదు. తెలుగు రాదు, ఒరియా అంతంతమాత్రం. వారానికి రెండు రోజులు అన్నం, పప్పు, ఒక కూర వండి తీసుకెళ్తాం. మన సంఘంలో సవర కుర్రాళ్లు ఇద్దరున్నారు, వాళ్లే మాటసాయం. మొన్న ఒక ముసలాయన అన్నం ముందర పెట్టుకుని చెయ్యి కలపడు. ఏమిటా అని అడిగించాం. లోపల ఉన్న మనవరాలు తిన్నదో లేదో తెలిస్తేగానీ తిననన్నాడు. మన కుర్రాడు వార్డులోకి వెళ్లి, ఆ పిల్ల సగం అరటిపండు తిని ఆ తొక్క తాతకి చూపించమందని చేతిలో పట్టుకొచ్చాడు. అది చూశాక తిన్నాడు.

మీ ఆయన అడిగాడన్నావుగా, అన్నం పెట్టి మతం మారుస్తారా అని. తప్పుగా అనుకోలేదు, అడగవలసిన మాటే. ఒడిశాలో 1967 నుంచే మతస్వేచ్ఛ చట్టం ఉంది, బలవంతపెట్టి గానీ ఆశ చూపి గానీ మతం మార్చడం నేరం. చట్టం లేకపోయినా మేం ఆ పని చెయ్యం. అన్నం గిన్నెతో పాటు కరపత్రం తీసుకెళ్లకూడదని పాస్టరుగారు మొదటి రోజే చెప్పారు. ఎవరైనా వాళ్లంతట వాళ్లు అడిగితే ప్రార్థన చేస్తాం, అంతే. సువార్త చెప్పడం మా పని కాదని నేను అనను, నాకు యేసు ప్రభువంటే ప్రాణం, నీకు తెలుసు. ఆయన ఐదు రొట్టెలు పంచినప్పుడు కూర్చున్నవాళ్లలో ఎవరెవరు నమ్ముతారని లెక్క చూసుకోలేదుగా.

పిల్లలకి మన సంఘం కథ చెప్పాలన్నావు. కెనడా బాప్టిస్టులు 1874లో కాకినాడలో పని మొదలెట్టారు, అక్కణ్ణుంచి బొబ్బిలి, శ్రీకాకుళం మీదుగా ఇటు వచ్చారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడితే మన పర్లాకిమిడి ఇటు పడింది, పాతపట్నం అటు తెలుగువైపే ఉండిపోయింది. చుట్టాలూ అటూ ఇటూ అయ్యారు, సంఘాలూ అంతే. ఇప్పటికీ బాప్తిస్మాలు మహేంద్రతనయ నదిలోనే. మన ఇద్దరికీ ఒకే రోజు ఇచ్చారు, నీ కాలు జారితే అయ్యగారి చెయ్యి వదలకుండా పట్టుకున్నావు, ఆ కథ కూడా చెప్పు.

ఇప్పుడు నాకు దిగులంతా భాష గురించే. పిల్లలు ఒరియా మీడియం, ఇంగ్లీషు మీడియం. ఇంట్లో తెలుగు గడగడా మాట్లాడతారు, చదవలేరు. క్వయర్లో ఒక పిల్ల నోట్స్ తీసి చూశాను, తెలుగు కీర్తన మొత్తం ఒరియా అక్షరాల్లో రాసుకుంది! గుండ్రటి అక్షరాలు, ముత్యాల్లా ఉన్నాయి. నవ్వాలో ఏడవాలో తెలియలేదు, దగ్గరికి తీసుకున్నాను. పాట కోసం అంత కష్టపడిన పిల్లకి అక్షరం నేర్పనిది మనమేగా. అందుకే సండేస్కూల్లో మొదటి పావుగంట అ ఆలు దిద్దిస్తున్నా. పురుషోత్తమ చౌదరిగారు 1803లో మన కిమిడి పక్కనే పుట్టారనీ, ఒరియా, తెలుగు రెండూ వచ్చిన మనిషనీ, మనం పాడే కీర్తనల్లో ఎన్నో ఆయనవేననీ చెప్తే పిల్లలు నోళ్లు తెరిచారు. నెలలో ఒక ఆదివారం వాక్యం ఒరియాలో కూడా చదువుతున్నాం. పెద్దవాళ్లలో కొందరికి నచ్చలేదు. ఒరియా కోడళ్లు ఎన్నాళ్లు అర్థం కాకుండా కూర్చుంటారు చెప్పు?

గొడవలు లేవా అంటే ఉన్నాయి. ముందువైపు పెద్ద ఆర్చి కట్టాలని ఒక జట్టు, వద్దని ఒక జట్టు. సర్వసభ్య సమావేశంలో గంటన్నర వాదించుకున్నారు. జమాఖర్చులు రూపాయితో సహా పైకి చదివారు, తర్వాత చేతులెత్తారు. ఆర్చి వాయిదా పడింది, వాననీళ్లు కారే సండేస్కూలు గది కప్పు వేశారు. తిత్లీ తుపాను అప్పటి నుంచీ కారుతూనే ఉండేది మరి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజాము, పలాస దగ్గర తీరం దాటిన గాలి ఇక్కడ మనల్ని కూడా వదల్లేదు, నువ్వు ఫోన్లు కలవక అక్కడ అల్లాడిపోయావు. ఆ రాత్రి రేకులు ఎగిరిపోయినవాళ్లంతా చర్చిలోనే పడుకున్నారు. ఏ మతమని ఎవరూ అడగలేదు, బెంచీలు గోడకి జరిపేసి చాపలు వేశాం. పిడికెడు బియ్యమే గంజి కాశాం.

సరే, నీ సంగతికి వస్తాను. ఆ చర్చి వదిలెయ్యకు. వచ్చే ఆదివారం వెళ్లి, నీలాగే ఒంటరిగా వచ్చి ఒంటరిగా వెళ్లిపోయే ఆడమనిషి ఎవరో ఒకరు ఉంటారు, ఆవిడ పేరు అడుగు. ఫోన్ నెంబరు తీసుకో. మరుసటి వారం ఆవిడ కనబడకపోతే నువ్వే ఫోన్ చెయ్యి. అంత పెద్ద సంఘంలో ఆ ఇద్దరే చాలు మొదలెట్టడానికి.

కోతల పండగకి మాత్రం రావాలి. కిందటేడు వేలంలో మామ్మ పెరటి గుమ్మడికాయకి మీ చిన్నాన్న, మా ఆయన పంతం పట్టి పాడుకుంటూ పోయారు, చివరికి మీ చిన్నాన్నే గెలిచి, ఆ కాయ మళ్లీ మామ్మ ఇంటికే మోసుకెళ్లి ఇచ్చేశాడు. ఈసారి నువ్వు కూడా పాడుదువుగాని.

ఇంకోటి. నోట్‌బుక్‌లో మా వీధి పేజీలో, చివరి ఇంటి కింద, నీ పేరు రాసుకున్నాను. సోమవారం సాయంత్రం ఏడింటికి ఫోన్ చేస్తాను. వంటలో ఉన్నా సరే, ఎత్తు.

నీ
పక్కబెంచీ పిల్ల